నాగసాకి యాత్ర: నిలిచినవారూ, పడి లేచినవారూ

మొదటి రోజు: నిషిజాకా కొండ

నాగసాకి రైల్వే స్టేషను నుంచి బయటికి వచ్చి, రోడ్డు దాటి, కొద్ది నిమిషాలు మెరక ఎక్కితే నిషిజాకా కొండ చేరుకుంటాం. 1597 ఫిబ్రవరి 5న, జపాన్‌ను ఏలుతున్న టొయొటొమి హిదెయోషి ఆజ్ఞ ప్రకారం 26 మంది క్రైస్తవులను ఇక్కడ సిలువలకు కట్టి ఈటెలతో పొడిచి చంపారు. వారిని క్యోటోలో ఎడమ చెవి కొంత కోసి వీధుల వెంట ఊరేగించి, ఆ తరువాత గడ్డకట్టే చలిలో సుమారు 800 కిలోమీటర్లు నడిపించుకుంటూ తీసుకువచ్చారు. వారిలో 20 మంది జపానీయులు, మిగిలిన ఆరుగురు ఫ్రాన్సిస్కన్ అనే కథోలిక సన్యాస సభకు చెందిన విదేశీయులు. ఆ ఆరుగురిలో గొన్సాలో గార్సియా మన దేశంలో, ముంబయికి దగ్గరలోని వసయీలో పుట్టినవాడు. ఆయన పేరు ఇక్కడ రాతిగోడ మీద చదువుతున్నప్పుడు నాకు కలిగిన ఆత్మీయతను దాచుకోవలసిన అవసరం లేదు.

1962లో ప్రతిష్ఠించిన కంచు విగ్రహాలు వరుసగా, మనిషంత ఎత్తున, ప్రార్థిస్తున్న భంగిమలో ఉన్నాయి. ఆ వరుసలో అందరికంటే చిన్నవాడు లూయీ ఇబరాకి, పన్నెండేళ్ల బాలుడు. విశ్వాసాన్ని వదులుకుంటే బతకనిస్తానని శిక్ష అమలు చేయవలసిన అధికారి అతనికి చెప్పాడనీ, ఆ అబ్బాయి ఒప్పుకోలేదనీ ఆనాటి కథనాలు చెబుతున్నాయి. నన్ను అంతకంటే ఎక్కువసేపు నిలబెట్టినవాడు మత్తియ. పట్టుకోవలసినవారి పట్టికలో ఉన్న మత్తియ అనే వంటవాడి కోసం సైనికులు వచ్చినప్పుడు అతను ఇంట్లో లేడు. పక్కనే ఉన్న మరో వ్యక్తి, తన పేరూ మత్తియేననీ, తానూ క్రైస్తవుడేననీ చెప్పి ముందుకు వచ్చాడు. సైనికులకు కావలసింది లెక్క సరిపోవడమే కనుక అతన్నే తీసుకుపోయారు. ప్రధానయాజకుని ఇంటి ముంగిట పనిపిల్ల అడిగిన చిన్న ప్రశ్నకు పేతురు భయపడి 'ఆ మనుష్యుని నేనెరుగను' అన్నాడని మనం ప్రతి శ్రమల కాలంలోనూ చదువుకుంటాం. ఇక్కడ ఎవరూ అడగకుండానే ఒక మనిషి 'నేనే' అన్నాడు.

అయితే ఈ యాత్రకు నేను బయలుదేరింది ఈ 26 మంది కోసం మాత్రమే కాదు. నిలిచినవారి పేర్లు గోడలమీద ఉన్నాయి, వారి సంగతి మనకు తెలుసు. నిలవలేకపోయినవారు ఆ మరునాడు ఎలా లేచారు, ఏమని ప్రార్థించారు, వారి పిల్లలకు ఏమి నేర్పారు అన్నది తెలుసుకోవాలని ఎంతో కాలంగా నా కోరిక. ఎందుకంటే ప్రతి ఆదివారం దేవుని మందిరంలో కూర్చునే మనలో ఎక్కువమందిమి మత్తియ వంటివారం కాము, పేతురు వంటివారమే.

రెండో రోజు: నగరంలో

కొండ మీదనే హతసాక్షుల మ్యూజియం ఉంది. ఉదయమంతా అక్కడే గడిచిపోయింది. 1614లో, హిదెయోషి తరువాత అధికారంలోకి వచ్చిన తొకుగావా ప్రభుత్వం దేశమంతటా క్రైస్తవాన్ని నిషేధించి కథోలిక గురువులను (ఫాదర్లను) వెళ్లగొట్టింది. ఆ తరువాతి యాభై ఏళ్ల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు అర్థమైన సంగతి ఏమిటంటే, పాలకులు మొదట్లో చంపడం మీద ఆధారపడ్డారు, తరువాత చంపడం వల్ల విశ్వాసం అణగదని గ్రహించి పద్ధతి మార్చుకున్నారు. 1622 సెప్టెంబరులో ఇదే కొండ మీద ఒకే రోజున 55 మందిని చంపినప్పుడు, చూడటానికి వచ్చిన జనం కీర్తనలు పాడి హతసాక్షులకు ధైర్యం చెప్పారు. చావు వల్ల సాక్ష్యం పెరుగుతోందని తెలిశాక అధికారులకు కావలసినది విశ్వాసి శవం కాకుండా, విశ్వాసి నోట వచ్చే తిరస్కారపు మాట అయింది.

దానికి వారు వాడిన సాధనాల్లో ధనం ఒకటి. ఊళ్ల కూడళ్లలో నిలబెట్టిన చెక్క పలకల మీద బహుమతులు ప్రకటించేవారు. గురువును పట్టిస్తే 500 వెండి నాణేలు, సహోదరుణ్ణి, అంటే గురువు కాని సభ సన్యాసిని పట్టిస్తే 300, ఒకసారి విశ్వాసాన్ని వదిలి మళ్లీ దానిలోకి తిరిగి వచ్చినవాణ్ణి పట్టిస్తే మరో 300, మామూలు విశ్వాసికి 100. పట్టించేవాడు తానే క్రైస్తవుడైనా సరే, అందించిన సమాచారాన్ని బట్టి 500 వరకు ఇస్తామని కూడా ఆ పలకల మీద రాసి ఉండేది. దీనికి తోడు, ఐదు కుటుంబాలను ఒక జట్టుగా కట్టి, ఒక ఇంట్లో క్రైస్తవుడు దాగి ఉన్నట్టు తేలితే జట్టు మొత్తాన్ని శిక్షించేవారు. పొరుగువాడి మీద ప్రేమ ఉన్నవాడికే అది పెద్ద ఉచ్చు. తన ప్రాణం మీద ఆశ లేనివాడు కూడా పక్కింటి పిల్లల ప్రాణం గురించి ఆలోచించి తలవంచవలసి వచ్చేది. తిరిగి వచ్చినవాడి తలకు సహోదరుడి తలతో సమానమైన వెల కట్టారన్నది నేను పదేపదే చదువుకున్నాను. పడినవాడు లేస్తే ఎంత ప్రమాదమో ఆ పాలకులకు బాగా తెలుసు.

మధ్యాహ్నం క్రిష్టోవావ్ ఫెరేరా చరిత్ర చదివాను, దాన్ని చదవడం కష్టమైంది. ఆయన జెసూట్ అనే మరో కథోలిక సన్యాస సభకు చెందిన పోర్చుగీసు గురువు, 1609లో జపాన్ వచ్చి, నిషేధ కాలంలో ఇరవై ఏళ్లు రహస్యంగా సేవచేసి, చివరకు అక్కడి తన సభకు పెద్ద అయ్యాడు. 1633 అక్టోబరులో ఆయన్నూ, మరికొందరినీ ఈ నిషిజాకా మీదనే గోతిలోకి తలకిందులుగా వేలాడదీశారు. ఫెరేరా కొన్ని గంటలకు లొంగిపోయాడు. ఆయన పక్కనే వేలాడిన జపానీయ గురువు జూలియన్ నకౌరా, అరవై దాటిన వృద్ధుడు, లొంగకుండా మూడు రోజులకు మరణించాడు. ఫెరేరా ఆ తరువాత జపానీయ పేరు పెట్టుకుని, క్రైస్తవానికి వ్యతిరేకంగా పుస్తకం రాసి, పట్టుబడిన గురువులను ప్రశ్నించే అధికారులకు దుబాసీగా పనిచేశాడు. ఒకే గోతుల వరుస, ఒకే నొప్పి, ఒకే ప్రభువు. ఎవరు ఎందుకు నిలిచారో, ఎవరు ఎందుకు లొంగారో తీర్పు చెప్పే అర్హత, ఆ తాళ్లు ఎప్పుడూ కాళ్లకు తగలని నాకు లేదు. అయినా ఆయన లొంగిపోయిన గంటల కంటే ఆ తరువాత బతికిన ఏళ్లే నన్ను ఎక్కువగా బాధపెట్టాయి. భయం ఒక్క క్షణంలో మనిషిని పడగొట్టవచ్చు, పడిన చోటనే స్థిరపడటం మాత్రం ప్రతి రోజూ మళ్లీ మళ్లీ జరగవలసిన పని.

మూడో రోజు: ఇసహాయ మీదుగా ఉన్‌జెన్

జూలియన్ నకౌరా పేరు చదివాక, దారిలో ఇసహాయ ప్రాంతంలో ఒక సమాధిని చూడకుండా వెళ్లలేకపోయాను. 1582లో నకౌరాతో సహా నలుగురు జపానీయ బాలురు ఓడ ఎక్కి గోవా మీదుగా యూరపుకు ప్రయాణమై, రోములో పోపును దర్శించి, 1590లో తిరిగి వచ్చారు. నలుగురూ జెసూట్ సభలో చేరారు. మాన్షియో ఇతో 1612లో నాగసాకిలో అనారోగ్యంతో చనిపోయాడు. మార్టిన్ హారా దేశం నుంచి బహిష్కృతుడై 1629లో మకావులో కన్నుమూశాడు. నకౌరా చావు నిన్న చెప్పాను. నాలుగోవాడు మిగెల్ చిజివా సభను విడిచి, విశ్వాసాన్ని కూడా విడిచాడని చరిత్రకారులు రాశారు. ఆయనదని భావిస్తున్న ఈ సమాధిని తవ్వినప్పుడు 2017లో గాజుపూసలు దొరికాయి. అవి జపమాలవి కావచ్చునని పరిశోధకులు అంటున్నారు. ఆ పూసల మీద ఆధారపడి మిగెల్ చివరి ఘడియల్ని నేను ఊహించబోవడం లేదు. మనిషి హృదయంలో చివరికి ఏముందో దేవునికే తెలుసునన్న మాటను ఈ రాయి ముందు మాత్రం పూర్తిగా నమ్మగలిగాను.

ఉన్‌జెన్ చేరేసరికి గంధకపు వాసన బస్సులోకే వచ్చేసింది. నేలలోంచి పొగలు కక్కే ఈ వేడినీటి గుంటలను స్థానికులు నరకమనే పిలుస్తారు. ఇప్పుడు యాత్రికులు చెక్కబాట మీద నడుస్తూ ఫొటోలు తీసుకుంటున్నారు. 1627 నుంచి కొన్నేళ్లపాటు క్రైస్తవులను ఇక్కడికి తీసుకువచ్చి, మరిగే నీళ్లు ఒంటిమీద పోసి, విశ్వాసాన్ని కాదని చెప్పమన్నారు. ఈ షిమాబారా ప్రాంతాన్ని ఏలే మత్సుకురా షిగెమాస మనుషులు పౌలో ఉచిబోరినీ, ఆయన తోటివారినీ 1627లో ఇక్కడే చంపారు. ఆ తరువాత నాగసాకి అధికారులు వైద్యులను కూడా వెంట పంపారు. కాలిన గాయాలకు మందు రాసి, కాస్త కోలుకోగానే మళ్లీ నీళ్లు పోసేవారు. 1631లో ఆంతోనియో ఇషిద అనే జపానీయ గురువు నెలకు పైగా ఇలా శ్రమపడి కూడా లొంగలేదు. ఆయన్ను మరుసటి ఏడు సజీవంగా దహనం చేశారు.

వైద్యుడి సంగతి నన్ను వదలలేదు. బయటికి దయలా కనిపించేదాన్ని ఇక్కడ శోధనకు పనిముట్టుగా వాడారు. నొప్పి ఆగిన ఆ విరామంలో, చల్లని మందు తగిలినప్పుడు, ఇక చాలునని పక్కనున్నవాడు మృదువుగా చెప్పినప్పుడు మనిషి ఎక్కువ బలహీనుడవుతాడని నా అభిప్రాయం. అరణ్యంలో ప్రభువు దగ్గరికి అపవాది వచ్చినది కూడా ఆకలి వేసిన వేళనే, రొట్టెల మాటతోనే.

నాలుగో రోజు: హారా కోట

ఈ రోజు గురించి ఎక్కువ రాయను. సముద్రపు అంచున గడ్డి మొలిచిన మైదానం, కొన్ని రాతిగోడల శిథిలాలు, అంతే. 1637లో పన్నుల భారం, కరువు, మతహింస భరించలేక షిమాబారా, అమకుసా రైతులు తిరగబడి, పదహారేళ్ల అమకుసా షిరోను నాయకుడిగా పెట్టుకుని ఈ పాడుబడిన కోటలో చేరారు. 1638 వసంతంలో కోట పడిపోయింది. సాధారణంగా చెప్పే లెక్క ప్రకారం లోపల ఉన్నవారు 37,000 మంది. కోటలోంచి బాణాలకు ఉత్తరాలు కట్టి శత్రువుతో మంతనాలు జరిపిన యమద ఎమొసాకు అనే చిత్రకారుడు ప్రాణాలతో బయటపడ్డాడు. ఆయుధాలు పట్టారు కనుక ఇక్కడ చనిపోయినవారిని కథోలిక సంఘం హతసాక్షులుగా లెక్కించలేదు. ఆ నిర్ణయం సరైనదే అనిపిస్తుంది, అలా అనుకుంటూనే మనసు బరువెక్కుతుంది.

ద్రోహం మాట వచ్చినప్పుడు ఎమొసాకు పేరే ఎక్కువగా చెబుతారు. నాకైతే ఇంకొకటి పెద్దదిగా కనిపించింది. హిరాదో రేవులో వర్తకం చేసుకుంటున్న డచ్చి వారు ప్రభుత్వం కోరగానే ఓడ పంపి ఈ కోట మీద పదిహేను రోజుల్లో 400కు పైగా ఫిరంగి గుళ్లు పేల్చారు. వారూ క్రీస్తు పేరు పెట్టుకున్నవారే, బైబిలు చదివేవారే. పోర్చుగీసు వారిని వెళ్లగొట్టాక జపాన్‌తో వర్తకం చేసే హక్కు యూరపు వారిలో వారికొక్కరికే మిగిలింది. సిలువను కాలితో తొక్కమని వారిని ఎవరూ బలవంతం చేయలేదు, వారి ముందు పెట్టినది వ్యాపారం మాత్రమే. నేను ప్రొటెస్టెంటు సంఘంలో పెరిగినవాణ్ణి కాబట్టి ఈ సంగతిని దాటవేయకుండా రాస్తున్నాను.

ఐదో రోజు: సొతొమె

నాగసాకి నుంచి బస్సు పశ్చిమ తీరం వెంట గంటకు పైగా ప్రయాణిస్తే సొతొమె పల్లెలు వస్తాయి. నిటారుగా సముద్రంలోకి దిగే కొండలు, రాళ్లు పేర్చి కట్టిన గోడలు, చిన్న చిన్న పొలాలు. 1644లో జపాన్‌లో మిగిలిన చివరి గురువు చంపబడ్డాక, రెండు వందల ఏళ్లకు పైగా ఇక్కడివారికి గురువు లేడు, మందిరం లేదు, ముద్రించిన గ్రంథం లేదు. పండుగల లెక్క చూసే పెద్ద ఒకడు, బాప్తిస్మమిచ్చే పెద్ద ఒకడు, వీరే వారి సంఘం. బాస్తియన్ అనే ఉపదేశకుడు అప్పగించిన పండుగల పట్టిక తరతరాలుగా చేతులు మారింది. ఏడు తరాల తరువాత నల్ల ఓడలో గురువులు వస్తారని ఆయన చెప్పాడన్న నమ్మకం కూడా ఆ పట్టికతోపాటే మిగిలింది.

ఈ పల్లెలవారు బయటికి బౌద్ధాలయాల్లో పేర్లు నమోదు చేయించుకున్నారు. చావు వచ్చినప్పుడు బౌద్ధ సన్యాసి వచ్చి సూత్రాలు చదువుతుంటే, మరొక గదిలో ఇంటివారు గొంతు తగ్గించి తమ ప్రార్థనలు చెప్పుకునేవారు. అన్నిటికంటే కష్టమైనది ఫుమియె. క్రీస్తు రూపమో మరియ రూపమో ఉన్న పలకను కాలితో తొక్కి తాము క్రైస్తవులం కామని నిరూపించుకోవడమే దాని పద్ధతి. నాగసాకి ప్రాంతంలో ఏటా కొత్త సంవత్సరం తొలి రోజుల్లో ఇది ఇంటింటికీ జరిగేది. నడవలేని రోగి పాదానికి పలకను తాకించేవారు, చంటిబిడ్డను తల్లి ఎత్తుకుని వాడి పాదం మోపవలసి వచ్చేది. 1669లో దీనికోసమే 20 ఇత్తడి పలకలు పోతపోయించారు. ఈ ఆచారం 1850ల చివరి దాకా సాగింది.

వారు తొక్కారు. ఏటా తొక్కారు. ఈ నిజాన్ని మెత్తబరచి చెప్పడం నాకు ఇష్టం లేదు, వారికీ ఇష్టం ఉండేది కాదు. ఇంటికి తిరిగి వచ్చాక వారు పశ్చాత్తాప ప్రార్థన చెప్పుకున్నారు. గురువు దొరకని చోట, చేసిన పాపానికి దేవుని మీది ప్రేమతో నిజంగా దుఃఖించి, వీలైనప్పుడు ఒప్పుకుంటానని నిశ్చయించుకున్నవాడికి క్షమాపణ ఉందని బోధించే చిన్న పుస్తకం 1603లో వెలువడింది. దాన్ని చేతిరాతతో ఎత్తి రాసుకుంటూ, బట్టీ పట్టుకుంటూ రెండున్నర శతాబ్దాలు కాపాడుకున్నారు.

సొతొమె కొండవాలు మీద కూర్చుని నేను ఎక్కువసేపు ఆలోచించినది ఈ ప్రార్థన గురించే. అది ఉత్త పలకేననీ, హృదయంలో విశ్వాసం ఉంటే పాదం ఏమి చేస్తే ఏమిటనీ తమకు తాము చెప్పుకోవడం వారికి ఎంతో సులువు. తర్కం కూడా కుదిరినట్టే ఉంటుంది. అలా చెప్పుకుని ఉంటే రెండో తరానికే ఆ పలక నిజంగానే ఉత్త పలక అయిపోయేది, మూడో తరానికి దాని మీద ఉన్నది ఎవరో కూడా తెలిసేది కాదు. వారు తొక్కినదాన్ని పాపమనే పిలిచారు, ప్రతి ఏటా ఏడ్చారు, ఏడుస్తూ ఆ ప్రభువునే మళ్లీ ఆశ్రయించారు. ఇప్పుడు మనలో ఎవరికైనా ఉద్యోగం కోసమో, పెళ్లి సంబంధం కోసమో, నలుగురిలో మర్యాద కోసమో ప్రభువు పేరు దాచవలసి వచ్చినప్పుడు మనం చేసే మొదటి పని, అది పెద్ద విషయం కాదని నిరూపించే కారణాలు వెతుక్కోవడం. ఈ పల్లెల రైతులు ఆ పని చేయలేదు. యూదా కూడా దుఃఖపడ్డాడు, కానీ ఆ దుఃఖంతో ప్రభువు దగ్గరికి వెళ్లలేదు. పేతురు వెళ్లాడు. 'నీ మనసు తిరిగిన తరువాత నీ సహోదరులను స్థిరపరచుము' అని ప్రభువు అతనితో ముందే, అతను ఇంకా పడకముందే చెప్పి ఉంచాడు.

ఆరో రోజు: ఓవురా, ఉరకామి

ఆదివారం. విదేశీయుల నివాసప్రాంతంలో ఫ్రెంచి గురువులు కట్టిన ఓవురా మందిరాన్ని ఉదయాన్నే చూసి వచ్చాను. 1865 మార్చి 17న ఉరకామి పల్లె నుంచి వచ్చిన కొందరు, లోపల ప్రార్థిస్తున్న పెతీజాన్ గురువు దగ్గరికి చేరి, తమ హృదయమూ ఆయన హృదయమూ ఒకటేనని ఒక స్త్రీ ద్వారా తెలియజేసి, మరియమాత విగ్రహం ఎక్కడుందని అడిగారు. పడిన ప్రతిసారీ లేచినవారి మనుమలూ మునిమనుమలూ అలా బయటపడ్డారు. దీన్ని లోకమంతా సంతోషంగా చెప్పుకుంటుంది. ఆ తరువాత జరిగినది తక్కువగా చెప్పుకుంటారు.

నిషేధం ఇంకా తొలగలేదు. 1867లో ఉరకామి క్రైస్తవులు తమవారికి బౌద్ధ అంత్యక్రియలు వద్దని తెగేసి చెప్పడంతో అరెస్టులు మొదలయ్యాయి. చెరలో పెట్టి హింసించినప్పుడు పట్టుబడినవారు ఒక్కొక్కరుగా లొంగిపోయారు. చివరికి తకగి సెన్‌ఎమోన్ అనే ఒక్క రైతు మాత్రమే విశ్వాసాన్ని కాదనకుండా మిగిలాడు. లొంగి విడుదలైనవారు ఊరికి చేరుకున్నారు, ఆ ఊళ్లో తల ఎత్తలేకపోయారు. అప్పుడు వారిలో చాలామంది ఎవరూ బలవంతపెట్టకుండానే అధికారుల దగ్గరికి తిరిగి వెళ్లి, తాము చెప్పిన తిరస్కారాన్ని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు. దానికి శిక్ష ఏమిటో వారి ఒంటిమీది గాయాలే వారికి చెబుతున్నాయి, అయినా వెళ్లారు.

1868 నుంచి 1870 వరకు ఉరకామి క్రైస్తవులను, పిల్లాపాపలతో సహా 3,400 మంది దాకా, దేశంలోని వేరువేరు సంస్థానాలకు ప్రవాసం పంపించారు. అక్కడ 600 మందికి పైగా చనిపోయారు. మళ్లీ కొందరు లొంగారు, వారిలో మళ్లీ కొందరు మాట వెనక్కి తీసుకున్నారు. సెన్‌ఎమోన్‌ను త్సువానో అనే చోట శీతకాలంలో గడ్డకట్టిన కొలనులో ముంచినా లొంగలేదు. 1873లో నిషేధపు పలకలు తీసేశాక బతికినవారు ఇంటికి చేరారు. మరుసటి ఏడు అంటురోగం వ్యాపిస్తే ఇవానగా మకి అనే ప్రవాసం నుంచి తిరిగివచ్చిన యువతి, తోటి స్త్రీలతో కలిసి రోగులకూ అనాథలకూ సేవ చేసింది. ఆ పనికి సెన్‌ఎమోన్ తన ఇంటి ఆవరణలోనే చోటిచ్చాడు.

1880లో వీరంతా డబ్బు కూడబెట్టి ఉరకామి గ్రామాధికారి పాత ఇంటిని కొన్నారు. ఏటా వారి తాతలు వరుసలో నిలబడి పలకను తొక్కిన ఇల్లు అది. అక్కడే మందిరం కట్టడం 1895లో మొదలుపెట్టి, కడుపు కట్టుకుని, దాదాపు ఇరవై ఏళ్లకు 1914లో పూర్తిచేశారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు దాన్ని కూల్చివేసి, ఆ సంఘంలోని 12,000 మందిలో సుమారు 8,500 మందిని చంపింది. 1959లో అదే స్థలంలో మళ్లీ కట్టిన మందిరంలో ఈ ఉదయం ఆరాధన జరిగింది. భాష అర్థంకాకపోయినా ప్రభువు ప్రార్థన ఎక్కడ చెబుతున్నారో పోల్చుకోగలిగాను, 'మమ్మును శోధనలోకి తేక' అనే చోట నేనూ తెలుగులో పలికాను. తరువాత మోకరించి ప్రార్థించుకునే సమయం ఇచ్చినప్పుడు, లొంగిపోయి, మళ్లీ నడిచి వెళ్లి, చెప్పిన మాటను వెనక్కి తీసుకున్న ఆ రైతుల కోసం ముందుగా దేవునికి స్తుతులు చెల్లించాను. 26 మంది పేర్లూ, సెన్‌ఎమోన్ పేరూ, మత్తియ పేరూ ఆ తరువాతే తలచుకున్నాను.